దేవగన్నేరుకు షామియానా

ఆ గురువారం పొద్దున సామ్రాజ్యం వేసుకున్న పథకం చాలా చిన్నది. కందిపచ్చడి నూరి, చారు కాచి, గిన్నెలు బల్లమీద మూతలు పెట్టి ఉంచి, చుండూరు వెళ్ళే రైలు అందుకోవాలి. చుండూరు హైస్కూల్లో ఆవిడ టీచరు. తెనాలి నుంచి రోజూ రైల్లో వెళ్ళి రైల్లో వస్తుంది. ఈ పథకంలో మొగుడికి ఏ పనీ లేదు. పాండురంగారావుకి పని పెట్టని పథకాలే నెగ్గుతాయన్నది ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ కనిపెట్టిన సత్యం.

పాండురంగారావు ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టాడు. వాకిట్లో చెట్టు ముందు చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్ష హాల్లో కాపలా కాసే మాస్టారిలా నిలబడి ఉన్నాడు.

"సామ్రాజ్యం! ఇంకో ఆకు రాలిందే."

"ఇంకెన్నున్నాయి?"

"అదే ఆఖరిది."

"అయితే ఇంక రాలవులెండి," అని ఆవిడ చారులో పోపు పెట్టింది.

ఆ మాట తేలిగ్గా అంది గానీ, మనసులో తేలిగ్గా లేదు. ఆ చెట్టు వాళ్ళ నాన్న చేత్తో పాతింది. రేపల్లెలో రైల్వే గూడ్సు గుమాస్తాగా చేసే రోజుల్లో ఆయన ఎక్కడినుంచో తెచ్చి ఇంటిముందు నాటిన దేవగన్నేరు. పసుపు గొంతున్న తెల్లటి పూలు. ఎండాకాలం సాయంత్రాలు వీధి మొగదల నుంచే ఇల్లు ఎక్కడుందో వాసన చెప్పేది. నాన్న పోయాక తల్లి వెంకటరమణమ్మ బాపట్లలో చిన్నకూతురు శేషారత్నం దగ్గరికి మారింది. ఈ ఏడు ఆ ఇల్లు అమ్మేశారు. కొన్నవాడు చెట్టు కొట్టేస్తానన్నాడు.

అప్పుడు కూర్చున్నారు అల్లుళ్ళిద్దరూ చర్చకి. చిన్నల్లుడు పున్నయ్య బాపట్లలో ఓ ప్రైవేటు కాలేజీలో బాటనీ లెక్చరరు. అంత ముదురు చెట్టుని వేళ్ళతో తవ్వి తీస్తే బతకదని తీర్పు చెప్పాడు. ఆ తీర్పు ఇంకెవరు చెప్పినా పాండురంగారావు తలూపి టిఫిన్ తినేవాడే. తోడల్లుడు చెప్పడం వల్ల వచ్చింది చిక్కు.

"బాటనీ నీది. పట్టుదల నాది," అన్నాడు అత్తగారి ఎదుటే. "మా వాకిట్లో పాతి చూపిస్తా. శాస్త్రీయంగా చేస్తా. ఒక్క ఆకు రాలనిస్తే అడుగు."

ఆదివారం చెట్టుని ట్రాక్టరు మీద రేపల్లె నుంచి తెచ్చారు. సగం ఆకులు దారి పొడుగునా ఊళ్ళకి పంచుకుంటూ వచ్చింది. మిగతా సగం తెనాలి వచ్చి తీరిగ్గా రాల్చింది. వీధి లేవకముందే పాండురంగారావు చీపురు పట్టుకుని ఆ ఆకులు ఊడ్చి దాచేవాడు, కబురు బాపట్ల దాకా పోతుందని. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన చీపురు పట్టడం సామ్రాజ్యం అప్పుడే చూసింది. వచ్చే ఆదివారం అత్తగారూ పున్నయ్యా చెట్టుని చూడ్డానికి వస్తున్నారు.

"దానికి షాకు తగిలిందే," అన్నాడు పాండురంగారావు వంటింటి గుమ్మంలోకి వచ్చి. "చోటు మారిస్తే చెట్లకీ షాకు తగులుతుందట. నర్సరీ ఆయనకి ఫోన్ చేశా. నీడ వెయ్యాలి, కదలకుండా బొంగులు కట్టాలి, కాండానికి తడిగుడ్డ చుట్టాలి, మొదలు చుట్టూ గడ్డి పరవాలి, బెజ్జం పెట్టిన కుండలోంచి చుక్క చుక్క నీళ్ళు పడాలి. అంతా శాస్త్రం!"

"ఆయన ఇవన్నీ ఒక్కరోజే చెయ్యమన్నాడా?"

"ఆయన చెప్పినవాటికి నేను ఐసు కూడా కలిపాను," అన్నాడు పాండురంగారావు గర్వంగా. "వేళ్ళు చల్లబడాలిగా."

సామ్రాజ్యానికి రైలు టైమైంది. మొగుడి శాస్త్రంతో వాదించి ఏ రైలూ అందుకోలేమని ఆవిడకి తెలుసు. వెళ్ళిపోయింది.

ఆ తర్వాత జరిగిన సంగతులు ఆవిడకి పదిమంది పది రకాలుగా చెప్పారు. వాటిలో అందరూ ఒప్పుకున్న భాగం ఇది.

పక్కింటి అబ్దుల్ రజాక్‌కి సప్లై కంపెనీ ఉంది. పెళ్ళిళ్ళకీ, మీటింగులకీ, చావులకీ టెంట్లూ కుర్చీలూ ఆయనే వేస్తాడు. "చెట్టుకి నీడ కావాలంటే షామియానా వెయ్యనా అన్నయ్యా! అదెంత పని!" అని పనివాళ్ళకి చెప్పి, తను రేపల్లె దగ్గర నగరం ఊళ్ళో ఓ పెళ్ళి పందిరి ఉందని వెళ్ళిపోయాడు. పనివాళ్ళు వచ్చి వాకిలంతా కప్పేటట్టు షామియానా కట్టారు. వాళ్ళ అనుభవంలో కుర్చీలు లేని షామియానా లేదు. కుర్చీలు కూడా వరసగా వేసేసి పోయారు.

పాండురంగారావు బజారుకి వెళ్ళాడు. వెదురు బొంగులు, గడ్డి, తెల్లగుడ్డ, కొత్తకుండ, అన్నీ ఒకే కొట్లో దొరికినందుకు సంతోషించాడు. అవన్నీ ఒకే కొట్లో ఎందుకు దొరుకుతాయో ఆలోచించలేదు.

"కుండకి మీరే ఓ బెజ్జం పెట్టివ్వండి," అన్నాడు.

కొట్టాయన లేచి నిలబడ్డాడు. "ఎవరు బాబూ?"

"మా ఇంట్లోనే. రేపల్లె నుంచి తెచ్చుకున్నాం."

"రేపల్లె మనిషా! పెద్ద వయసేనా బాబూ?"

కొట్టాయన గొణుగుడులో ఆ 'మనిషి' పాండురంగారావుకి వినపడలేదు. "మరీ పెద్దదేం కాదు. నలభై దాటి ఉంటుంది."

"అయ్యో! ఏమైంది మరి?"

"షాకు తగిలింది. అక్కణ్ణించి ఇలా అయిపోయింది."

కొట్టాయన కరెంటువాళ్ళని వాళ్ళ పెద్దలతో సహా తిట్టాడు. మధ్యలో కరెంటువాళ్ళు ఎందుకొచ్చారో పాండురంగారావుకి అర్థం కాలేదు. సానుభూతి మాత్రం నచ్చింది.

"ఐసెక్కడ దొరుకుతుందండీ? ఆదివారం దాకా ఉంచాలి. బాపట్ల నుంచి మా అత్తగారొస్తారు."

"ఆదివారం దాకానా! అంతదాకా నిలవదు బాబూ."

"నిలబెడతా," అన్నాడు పాండురంగారావు పళ్ళు బిగించి.

ఆ కొట్లోనే ఓ మూల తాడు బేరమాడుతున్న యోబు ఈ మాటలన్నీ విన్నాడు. యోబు పాండురంగారావు ఆఫీసులో క్లర్కు, ఆయన భార్యది రేపల్లె అని ఎరిగినవాడు. ఇలాంటి సమయంలో పలకరించడం బాగుండదనుకుని, వెనకనించి జారుకుని తిన్నగా ఆఫీసుకి పోయాడు. ఆఫీసరు బ్రహ్మానందంగారు వార్త వినీ వినగానే లేచి నిలబడి మౌనం పాటించి, కూర్చునే లోపే ఆఫీసుకి సగంరోజు సెలవు ప్రకటించారు. పున్నయ్య కాలేజీతో పాటు ఇన్సూరెన్సు కూడా కట్టిస్తుంటాడు కాబట్టి అతని సెల్ నంబరు ఆ ఆఫీసులో అందరి దగ్గరా ఉంది. ఫోన్ వెళ్ళింది.

మన వైపు చావుకబురుని చావుకబురుగా చెప్పరు. 'సీరియస్' అంటారు. పున్నయ్య కూడా ఇంట్లో అంతే అన్నాడు. "వదినకి సీరియస్‌గా ఉందట. మీరు రైల్లో వచ్చెయ్యండి," అని తను మోటారు సైకిలెక్కాడు. శేషారత్నం ఏడుపు మొదలుపెట్టింది. వెంకటరమణమ్మ ఏడవలేదు. పెదాలు బిగించి చీర మార్చుకుంది.

ఆ సాయంత్రం బాపట్ల నుంచి వచ్చే ప్యాసింజర్లోనే సామ్రాజ్యం చుండూరులో ఎక్కింది. తెనాలిలో దిగి, సంచి భుజాన వేసుకుని మెట్లవైపు నడుస్తుంటే, వెనక ఎవరో కెవ్వుమన్నారు. తిరిగి చూస్తే చెల్లెలు.

"అక్కా! నువ్వు... నువ్వు పోయావు కదే!"

"ఎక్కడికే? స్కూలుకేగా."

శేషారత్నం అక్కని వాటేసుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది. మొదలుపెట్టిన ఏడుపుని కారణం పోయినా సరే ఆపడం ఆవిడకి చేతకాదు. వెంకటరమణమ్మ పెద్దకూతురి మెడమీద చెయ్యి వేసి చూసింది.

"ఒళ్ళు చల్లగానే ఉంది. మరి సీరియస్ ఎవరికే?"

ముగ్గురూ మొహామొహాలు చూసుకున్నారు. ఆ ఇంట్లో ఇంకో మనిషి ఒక్కడే ఉన్నాడు. సామ్రాజ్యం పరుగున వెళ్ళి ఆటో పిలిచింది. ఆటోలో కూర్చున్నంతసేపూ ఆవిడ పొద్దున తను మాట్లాడిన ప్రతి మాటకీ చెంపలు వేసుకుంది. ఆయనకి బీపీ ఉంది. ఆకు రాలిందని దిగులుపడుతుంటే పోపు పెట్టుకుంటూ వెటకారమాడింది. బతికుంటే ఇంకెప్పుడూ ఎదురు మాట్లాడనని ముక్కోటి దేవతలకీ మొక్కింది.

"ఆ టీచరమ్మగారింటికేనాండి?" అన్నాడు ఆటో అతను వీధి మలుపులో. "పాపం, కరెంటు షాకంటండి. సామ్రాజ్యం టీచరంట. చుండూరులో చేసేదంట."

ఆటోలో శేషారత్నం ఏడుపు కూడా ఆగిపోయింది.

వీధి చివర షామియానా. దాని నిండా మనుషులు. వాకిట్లో తెల్లగుడ్డ చుట్టిన ఏదో పొడుగాటి ఆకారం, చుట్టూ వెదురు బొంగులు, కింద గడ్డి, ఊకలో ఐసు దిమ్మ, పైన కుండలోంచి చుక్క చుక్కా నీళ్ళు. చెట్టుకి గుడ్డ చుట్టడం రేపల్లె వైపు ఆచారం కాబోలని వచ్చినవాళ్ళంతా సరిపెట్టుకున్నారు. తలుపులు దగ్గరగా వేసి ఉంటే, శవం లోపల ఉంది కాబోలని మర్యాదగా బయటే కూర్చున్నారు. ముందు వరసలో బ్రహ్మానందంగారికీ పున్నయ్యకీ మధ్య పాండురంగారావు ఉన్నాడు. నిక్షేపంలా ఉన్నాడు.

సామ్రాజ్యానికి ప్రాణం లేచొచ్చింది. పరుగెత్తబోయింది. తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది.

"ముసుగేసుకో."

"ఎందుకమ్మా?"

"వెనక వరసలో కూర్చుందాం. నువ్వు పోయాక ఎవరేమంటారో వినే అదృష్టం ఎంతమందికొస్తుంది?"

ముగ్గురూ తలమీద కొంగులు కప్పుకుని వెనక కూర్చున్నారు. చావింట్లో ముసుగేసుకున్న ఆడవాళ్ళని ఎవరూ తేరిపార చూడరు. ముందు కూర్చున్న ఆఫీసువాళ్ళు గుసగుసలాడుకుంటున్నారు.

"నోరు కాస్త ఎక్కువేగానీ మనసు మంచిదండీ," అన్నాడొకాయన.

"మనసు మీరెప్పుడు చూశారు? నేను నోరే చూశాను," అన్నాడు ఇంకొకాయన.

"పోయినవాళ్ళని అనకూడదుగానీ," అన్నాడు యోబు, "చవితికి ఆవిడ పంపిన పులిహోరలో ఉప్పు లేదు."

"నాలుగు పొట్లాలు తిన్నాడమ్మా వాడు," అంది సామ్రాజ్యం తల్లి చెవిలో. ఎదురుగా ఇద్దరు టీ ఎప్పుడిస్తారని అడుగుతున్నారు. ఇంకొకడు సినిమాకి టైమవుతోందని లెక్కలేస్తున్నాడు. తను పోతే లోకం ఆగుతుందని సామ్రాజ్యం ఏనాడూ అనుకోలేదు. సగంరోజు సెలవు తీరిగ్గా అనుభవిస్తుందని కూడా అనుకోలేదు.

ముందు వరసలో బ్రహ్మానందంగారు గొంతు సవరించుకున్నారు.

"అసలెలా జరిగిందండీ పాండురంగారావుగారూ?"

"ఆదివారం నుంచే అనుమానంగా ఉందండీ. పొద్దున్న చూద్దును కదా, మొత్తం అయిపోయింది. మొన్నటిదాకా ఎంత కళకళలాడుతూ ఉండేదీ!" ఆయన నిజంగానే కళ్ళొత్తుకున్నాడు. చెట్టుకోసం ఆఫీసు మొత్తం కదిలి రావడం ఆయన్ని అప్పటికే కరిగించేసింది.

"డాక్టరు చూశాడా?"

"డాక్టరెందుకండీ, నేనే చూశా. గోరుతో గీకి చూశాను. లోపల ఇంకా పచ్చిగానే ఉంది."

బ్రహ్మానందంగారు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు.

"నేను ముందే చెప్పానన్నయ్యా," అన్నాడు పున్నయ్య. అతను వదిన చావుకే వచ్చాడు. కానీ గుడ్డ చాటున మోడైన కొమ్మలు చూసినప్పటినుంచీ సంతోషం అణుచుకోలేకపోతున్నాడు. "కదిలిస్తే బతకదని ఆ రోజే చెప్పాను. విన్నావా?"

"బాబూ, ఇది సమయం కాదు," అన్నారు బ్రహ్మానందంగారు నొచ్చుకుంటూ. మళ్ళీ పాండురంగారావు వైపు తిరిగారు. "తర్వాత కార్యక్రమం ఏం అనుకుంటున్నారు?"

"ఏముందండీ! ఆదివారం దాకా చూస్తా. అప్పటికీ కాకపోతే నరికించెయ్యడమే. ముక్కలు కొట్టిస్తే వేణ్ణీళ్ళ పొయ్యిలోకైనా పనికొస్తుంది."

వెనక వరసలో సామ్రాజ్యానికి విషయం పూర్తిగా బోధపడింది. కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతుంటే, పక్క కుర్చీలో ఓ పెద్దావిడ "ఊరుకో తల్లీ, ఊరుకో," అని వీపు నిమిరింది. వెంకటరమణమ్మకి మాత్రం ఏమీ బోధపడలేదు. కళ్ళు ఎర్రబడుతున్నాయి.

"అంత మాట అనకండి సార్," అన్నారు బ్రహ్మానందంగారు నీరసంగా. "ఇన్నేళ్ళ అనుబంధం..."

"అనుబంధమంటే మా ఆవిడకండీ. నాకేముంది? ఇది పోతే ఇంకోటి తెచ్చుకుంటా. గోదావరి వైపు మంచి మంచివి దొరుకుతాయట. ఈసారి ముదురుది తేను. లేతది తెస్తా. చెప్పినట్టు వింటుంది."

వెంకటరమణమ్మ లేచింది.

"లేతది కావాలా అల్లుడుగారూ తమకి?"

షామియానా కింద తలలన్నీ వెనక్కి తిరిగాయి. తల్లిని పట్టుకోబోయిన సామ్రాజ్యం ముసుగు జారిపోయింది. ఒక్క క్షణం ఎవరికీ ఊపిరి ఆడలేదు. తర్వాత అందరికంటే ముందు ఊపిరి అందుకున్నది బ్రహ్మానందంగారు. ఆయన "ఆవిడే!" అని అరిచి వెనక్కి ఒక అడుగు వేశారు. ఆ అడుగు ఐసు మీద పడింది. పడిపోతూ కుండ పట్టుకున్నారు, కుండ ఊడొచ్చింది. బొంగు పట్టుకున్నారు, అదీ ఊడొచ్చింది. చివరికి షామియానా గుంజ పట్టుకున్నారు. దాంతో ఆఫీసు సిబ్బంది, బంధుమిత్రులు, కుర్చీలతో సహా అంతా గుడ్డ కిందికి వెళ్ళిపోయారు.

గుడ్డ కింద రకరకాల కేకలు. "దెయ్యం" అని యోబు. "అక్కా" అని ఎందుకో శేషారత్నం. వాటన్నిటినీ చీల్చుకుంటూ పాండురంగారావు గొంతు వినపడింది.

"చెట్టు! చెట్టు జాగ్రత్తండీ! చెట్టు మీద పడకండి!"

తల్లిని పట్టుకుని పందిరి అంచు దాటి బయటపడ్డ సామ్రాజ్యానికి అంతసేపూ వస్తున్న నవ్వు అక్కడ ఆగిపోయింది. పోయినేడు తనకి టైఫాయిడ్ వచ్చి మంచం పట్టినప్పుడు ఈ మనిషి గుమ్మం దగ్గర నిలబడి, 'కాఫీపొడి ఎక్కడుంటుంది?' అని అడిగాడు. అదొక్కటే అడిగాడు. ఆటోలో మొక్కిన ముక్కోటి మొక్కులూ ఆవిడ అక్కడికక్కడే వెనక్కి తీసుకుంది.

ఒక్కొక్కళ్ళే బయటపడ్డారు. చెట్టు సంగతి అందరికీ తెలిసింది. టీచరమ్మ బతికుందని సంతోషించాల్సిన మొహాలు ఎందుకో మోసపోయినట్టున్నాయి. బ్రహ్మానందంగారు తడిసిన ప్యాంటు పిండుకుంటూ ఆవిడ వైపు నిష్ఠూరంగా చూశారు.

"ఆఫీసుకి సెలవు కూడా ఇచ్చేశానమ్మా!"

"క్షమించండి సార్. నాకు ముందు తెలియలేదు. తెలిస్తే పోయేదాన్ని," అంది సామ్రాజ్యం.

పాండురంగారావు అందరికంటే చివర్లో, తలమీద గడ్డితో బయటికొచ్చాడు. భార్యని చూసి, "వచ్చావా! ఆ కొమ్మ విరిగిందేమో చూడు," అన్నాడు. అని, ఆవిడ మొహం చూసి, ఏదో తప్పు జరిగిందని గ్రహించి, "కాఫీ తాగావా?" అని కలిపాడు.

సామ్రాజ్యం ఇంట్లోకి వెళ్ళి నాలుగు చీరలు సంచిలో పెట్టుకుంది. బాపట్ల నుంచి కూడా చుండూరుకి రైలుంది. ఆ రాత్రి బండికే తల్లితో, చెల్లెలితో వెళ్ళిపోయింది.

మొదటి వారం పాండురంగారావు రోజూ ఫోన్ చేశాడు. పాలు పొంగిపోతున్నాయనీ, అన్నం ఓసారి గంజీ ఓసారి బొగ్గూ అవుతోందనీ, చొక్కాలకి గుండీలు ఎవరో దొంగిలిస్తున్నారనీ చెప్పాడు. తర్వాత మెస్సులో కుదురుకున్నాడు. అక్కడి కూరలు పడక కడుపు పాడైంది. మళ్ళీ వంట మొదలుపెట్టాడు. రజాక్ మనుషులు చిరిగిన షామియానా ఎప్పుడో విప్పుకుపోయారు. తడిగుడ్డ గాలికి ఎటో పోయింది. ఎండలు ముదిరాయి. ఉగాది దగ్గరికొచ్చింది.

ఓ ఆదివారం పొద్దున్నే ఫోన్ మోగింది.

"సామ్రాజ్యం! చిగురేసిందే! కొమ్మ కొమ్మకీ! ఓ కొమ్మకి మొగ్గలు కూడా! నేను చెప్పలేదూ, శాస్త్రీయంగా చేస్తే బతుకుతుందని?"

నాన్న చెట్టు బతికింది. సామ్రాజ్యం కళ్ళు తుడుచుకుని అడిగింది.

"నీళ్ళు పోస్తున్నారా?"

"ఎక్కడ! నా తిండికే దిక్కులేదు. నువ్వెళ్ళినప్పటినుంచీ దాని మొహం చూసిన పాపాన పోలేదు. ఇవాళ పాలవాడు చూపిస్తే చూశా."

హాల్లో పేపరు చదువుకుంటున్న పున్నయ్య తలెత్తకుండానే, "వేరు బలంగా ఉంటే ముదురు చెట్టయినా నిలదొక్కుకుంటుందని నేను ముందే చెప్పాను వదినా. అది బాటనీ," అన్నాడు.

చిక్కుళ్ళు వలుస్తున్న వెంకటరమణమ్మ విసుక్కుంది. "ఏటా మాఘంలో మోడైపోయేది, ఉగాదికి చిగురేసేది. ఇందులో వింతేముంది?"

"అమ్మా! మరి ఆ రోజే ఆ ముక్క చెప్పలేదేం?"

"గుడ్డ చుట్టి చావుపందిట్లో పెడితే అది మన చెట్టని నాకేం తెలుసే? తర్వాతన్నా ఎవరడిగారు? శాస్త్రం తెలిసిన అల్లుళ్ళు ఇద్దరుండగా మధ్యలో నేనెవర్ని?"

ఫోన్లో పాండురంగారావు గొంతు తగ్గించాడు. "చెట్టు బాగుపడిందిగా, మరి నువ్వెప్పుడొస్తున్నావు?"

పట్టించుకోకుండా వదిలేస్తే చెట్టే చిగురేసింది, మొగుడు మాత్రం వెయ్యడా అనుకుని సామ్రాజ్యం ఇంకో నెల బాపట్లలోనే ఉండిపోయింది.